మూడో మేకు

పాతకాలపు మందుగుండు గిడ్డంగి నేలలో ఇనుము ఉండకూడదని తేలిన రోజున వడ్రంగి తన సంచిలోని మేకుల డబ్బాను తీసి బయటి గదిలోని గూట్లో పెట్టేశాడు. మూడే మూడు మేకులు మాత్రం ఒక ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకుని లాగు జేబులో ఉంచుకున్నాడు. దూలం మట్టం కుదిరేదాకా కదలకుండా ఉండటానికి ఒక మేకు దిగగొట్టి, చెక్క చీల బిగించగానే దాన్ని పీకెయ్యడం అతడి పద్ధతి. పట్టుకారుకు సులువుగా దొరకాలని ఆ మూడింటి తలలనూ ఒక పక్క ఆకురాయితో అరగదీశాడు. పొద్దున మూడు, సాయంత్రం మూడు. ఏ పనిలోనైనా ఇరవై ఏళ్ళుగా అతడి మేకుల లెక్క తప్పలేదు.

"మందుగుండు కొట్లోకి అగ్గిపెట్టె పట్టుకెళ్ళిన మొనగాడివి నువ్వొక్కడివేరా బావమరిదీ," అన్నాడు మేస్త్రి, గోడకు సున్నం పట్టిస్తూనే.

"పుల్లలు లేవు బావా."

"పుల్లలు పెట్టడానికి నేనున్నాగా."

మేస్త్రి అతడి అక్క భర్త. గోడపని మేస్త్రిది, చెక్కపని వడ్రంగిది. ఇద్దరూ కలిసి కట్టని ఇల్లు ఆ ఊళ్ళో తక్కువ. గోడకూ ద్వారబంధానికీ మధ్య సందు వస్తే తప్పు గోడదా, చెక్కదా అన్న వ్యాజ్యం మాత్రం ఇరవై ఏళ్ళుగా తెగలేదు. బావమరిదికి మేస్త్రి పెట్టిన పేరు ‘మూలమట్టం’. ఎక్కడైనా మూల వెంట్రుకవాసి తప్పితే ఆ రాత్రి అతడికి నిద్ర పట్టదని మేస్త్రి ఊరంతా చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు గనక వడ్రంగి ఎప్పుడూ కాదనలేదు.

ఆ కట్టడం పెద్దదేమీ కాదు. ఒకటే పొడవాటి గది, దానిమీద సొరంగంలా వంగిన కమాను కప్పు. గోడల మందం ఆరడుగుల మనిషి పడుకున్నా మిగిలేంత. గాలికోసం వాటిలో సన్నటి సందులు విడిచారు గానీ అవి తిన్నగా లోపలికి రావు. గోడ నడుమనున్న ఒక రాతిదిమ్మెను చుట్టుకుని వస్తాయి. గాలి మలుపు తిరగగలదు, నిప్పురవ్వ తిరగలేదు అన్నది ఆనాటి వాళ్ళ ఆలోచన. తలుపుకు రాగిరేకు తాపడం. తలుపుకు ముందు చిన్న గది ఒకటి ఉంది. ఇనుము రాసుకుని నిప్పురవ్వ పుట్టకుండా సైనికులు అక్కడ బూట్లూ, లోహపు బొత్తాల కోట్లూ విప్పేసి, జేబుల్లేని నూలు అంగీలూ మెత్తటి బట్టచెప్పులూ తొడుక్కుని లోపలికి వెళ్ళేవారట. నెలకొకసారి పీపాలన్నిటినీ దొర్లించి తలకిందులు చేసేవారట, పొడి అడుగున గడ్డకట్టకుండా. సైన్యం వెళ్ళిపోయాక అందులో ధాన్యం నిలవచేశారు, ఆ తరువాత విరిగిన కుర్చీలు. మధ్యలో ఎవరో పుణ్యాత్ముడు గోడలకు సిమెంటు పూయించాడు. ఊపిరాడని గోడలు నలభై ఏళ్ళపాటు చెమటపట్టాయి, నేల చెక్కలు కుళ్ళిపోయాయి.

ఎనిమిది నెలలుగా మేస్త్రి ఆ సిమెంటును వలిచి, గానుగ సున్నం పట్టిస్తున్నాడు. ఇక నేల వంతు. బాగుచేసిన కట్టడాన్ని జనానికి తెరిచే ప్రారంభోత్సవానికి ఐదు రోజులుంది. సమయం లేదు గనక మేకులు కొట్టెయ్యమన్నాడు ఇంజనీరు.

"మందూ లేదు, సైన్యమూ లేదు. ఇంకెవరికండీ భయం?"

వడ్రంగి ఊడదీసిన పాత పలకనొకదాన్ని బోర్లించి ఇంజనీరు ముందు పెట్టాడు. సగం పొడైపోయిన ఆ చెక్కలో పన్నెండు చీలలు, వేసిననాటిలాగే గట్టిగా నిలబడి ఉన్నాయి. ఇంజనీరు వంగి ఒకదాన్ని వేలితో కదిలించబోయాడు. అది కదలలేదు.

"సరే, మీ ఇష్టం. కానీ ఐదు రోజులు. ఆరోది లేదు," అన్నాడు, అప్పటికే కుర్చీలవాడికి ఫోన్ కలుపుతూ.

ఆ పూటే దూలాలు పరిచే పని మొదలైంది. దూలాల కొనలు గోడలోని గూళ్ళలో కూర్చుంటాయి. కూర్చున్నాక చుట్టూ సున్నం కూరడం మేస్త్రి పని. పడమటి గోడ పక్క నాలుగో దూలం కింద పెట్టిన ఊతముక్క పదేపదే జారుతూంటే వడ్రంగి అగ్గిపెట్టె తెరిచి ఒక మేకు తీసి దిగగొట్టాడు. దూలం మీద రసమట్టం పెట్టి, నీటిబుడగ నడిమికి వచ్చిందని చూసి తృప్తిపడే లోపలే ఇంజనీరు కేక వినపడింది. రాగితలుపు మూసుకోవడం లేదు. తలుపును దింపి, అడుగు చిత్రికపట్టి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ దింపేసరికి పొద్దు గూకింది. చేతులనిండా రాగి మరక. ఆ సాయంత్రం వడ్రంగి అగ్గిపెట్టె విప్పలేదు.

మర్నాడు పొద్దున అతడు బయటి గదిలోకి అడుగు పెట్టగానే, తలుపు పక్క చెక్క గుంజకు కొత్తగా ఒక మేకు కనబడింది. తిన్నగా దిగకుండా, నడవలేక గోడకానిన మనిషిలా ఒక పక్కకు ఒరిగి ఉంది. దానికి అప్పటికే మేస్త్రి చొక్కా వేలాడుతోంది.

"ఎవరు కొట్టారిది? కొట్టారా, దూరం నుంచి విసిరారా?"

"చొక్కా నిలిచిందా, లేదా? అది చూడు," అన్నాడు మేస్త్రి.

"పీకి సరిగ్గా కొడతానుండు."

"ముందు నీ నేల సంగతి చూసుకోవయ్యా మూలమట్టం. నాలుగు రోజులే మిగిలాయి. మేకుకు కొలతలు తరవాత తీద్దువుగాని."

వడ్రంగి తన సంచిని కూడా దానికే తగిలించి లోపలికి పోయాడు. లోపలికి వెళ్ళే ప్రతిసారీ, బయటికి వచ్చే ప్రతిసారీ ఆ వంకర అతడి కంట్లో నలుసులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రోజు నుంచి పలకలు పరచడం. వాటికి మేకుతో పని లేదు గనక అగ్గిపెట్టె జేబు దాటి రాలేదు. రెండంగుళాల మందం పలకను దూలాలమీద పేర్చి, అంచు అంచుకు ఆనించి, బర్మాతో తొలిచి, చీల పెట్టి కొయ్యసుత్తితో మూడు దెబ్బలు. మొదటి దెబ్బకు చీల బొంగురుగా పలుకుతుంది, రెండోదానికి బిగుస్తుంది, మూడో దెబ్బకు పలకా చీలా ఒకటే గొంతుతో మోగుతాయి. ఆ మోత వినేదాకా వడ్రంగి చెయ్యి ఆగదు. పలకకు పన్నెండు చీలలు. పైకి మిగిలిన తలను రంపంతో కోసి, ఉలితో చదును చేసి, అరచేత్తో ఒకసారి నిమిరి ముందుకు జరుగుతాడు. మధ్యాహ్నానికి పడమటి మూల మూసుకుపోయింది.

టీ వేళకు దస్త్రాల మేడమ్ వచ్చింది. ఆ కట్టడానికి సంబంధించిన పాత కాగితాలన్నీ ఏడాదిగా ఆవిడే వెతికి చదువుతోంది. కళ్ళజోడుకు దారం, చేతిలో అట్టపెట్టె. యాభై దాటిన మనిషి. టీ తాగేవాళ్ళకు ఏదో ఒక ఉత్తరం చదివి వినిపించకుండా ఆవిడ వెళ్ళదు. వాళ్ళూ వినకుండా వెళ్ళనివ్వరు.

"ఇవాళ మీ వాడే దొరికాడండీ," అంది వడ్రంగితో. "నూటయాభై ఏళ్ళ కిందటి వడ్రంగి. ఇదే నేల."

"పేరేంటి మేడమ్?"

"పేరు రాయలేదు. వడ్రంగి అని ఉందంతే." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఆనాటి అధికారి గొంతు తెచ్చుకుని చదివింది: "‘నేల మరమ్మతు ముగిసిన మూడవ దినమున సదరు వడ్రంగి తానే వచ్చి, పలకల కింద ఒక ఇనుప మేకు మరచితినని విన్నవించెను. పలకలు లేపి మేకు తీయించడమైనది. నష్టమేమియు లేదు. అశ్రద్ధ కారణమున సదరు వడ్రంగిని కొలువు నుండి తొలగించడమైనది.’"

ఆవిడ కాగితాన్ని అట్టపెట్టెలో పెట్టింది.

"చెప్పకపోతే?" అన్నాడు మేస్త్రి.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కొలువులోనే ఉండేవాడు."

అందరూ నవ్వారు. వడ్రంగి మాత్రం గ్లాసు కింద పెట్టేశాడు. "తనంతట తనే వచ్చి చెప్పాడు కదా మేడమ్. మేకు కూడా దొరికింది. మరి తియ్యడం దేనికి?"

"అదే నాకూ అర్థం కాలేదండీ," అంది ఆవిడ. "చెప్పినవాడిని తీసేస్తే రేపు ఇంకొకడు చెబుతాడా? అంత మందుపొడి మీద కూర్చున్న మనిషికి ఆ మాత్రం తట్టలేదు."

మేస్త్రి మాత్రం ఆ ఉత్తరం విన్నాక చాలాసేపు బావమరిది వంక చూస్తూ కూర్చున్నాడు. ఏదో అనబోయినవాడల్లా, టీ చల్లారిపోయిందని టీవాణ్ణి తిట్టి లేచిపోయాడు.

వెళ్ళబోతూ మేడమ్ గుమ్మంలో ఆగింది. "అన్నట్టు, తలుపు దగ్గర పెట్టే ఇత్తడి ఫలకానికి రాత ఇవాళ పంపాలి. చివర ఒక వాక్యం రాద్దామనుకుంటున్నాను: ‘ఈ నేలలో ఒక్క ఇనుప మేకు కూడా లేదు.’ రాయమంటారా? చెక్కాక చెరపడం కుదరదు."

"రాయండి మేడమ్," అన్నాడు వడ్రంగి. "పూచీ నాది."

మూడో రోజు సాయంత్రానికి నేల పూర్తయింది. కమాను కింద ఆ చివరి నుంచి ఈ చివరికి తేనెరంగు పలకలు బారులుతీరి, సందుల్లోంచి మలుపు తిరిగి వచ్చిన వెలుతురును పల్చగా పట్టుకుని పరుచుకున్నాయి. మేస్త్రి ఒట్టికాళ్ళతో ఒక చుట్టు నడిచి వచ్చి, "బాగుందిరా," అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట రెండోసారి. మొదటిసారి అన్నది అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు, అదీ కాఫీ గురించి.

వడ్రంగి నవ్వుతూనే పనిముట్లు సర్దుకున్నాడు. ఉలులు తుడిచి గుడ్డలో చుట్టాడు. బర్మా ముల్లుకు నూనె రాశాడు. చివరగా జేబులోంచి అగ్గిపెట్టె తీసి, అలవాటు చొప్పున తోశాడు.

రెండు మేకులు.

పెట్టెను బోర్లించాడు. జేబు తిరగేశాడు. సంచి దులిపాడు. దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని పొట్టును వేళ్ళతో జల్లించాడు. అప్పుడు, ఎవరో పక్కన నిలబడి చెప్పినట్టుగా, గుర్తొచ్చింది. పడమటి గోడ. నాలుగో దూలం. ఊతముక్క. పీకడానికి వంగే లోపల ఇంజనీరు కేక.

ఆ మూలకు వెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళ కింద ఏడు పలకలు, ఎనభైనాలుగు చీలలు. వాటి కింద ఒక్క మేకు.

నాలుగో రోజున అతడు దీపాలు బిగిస్తున్న కరెంటు పనివాడి దగ్గర, పాత లౌడుస్పీకరులోంచి తీసిన అయస్కాంతం అడిగి తీసుకున్నాడు. దాన్ని దారానికి కట్టి, పలకలమీద అంగుళం అంగుళం వేలాడదీసుకుంటూ మోకాళ్ళమీద పాకాడు. అది ఎక్కడా తల వంచలేదు. రెండంగుళాల చెక్క, దాని కింద దూలం, ఆ కింద ఊతముక్క. అంత లోతు నుంచి లాగే శక్తి దానికెక్కడిదని తనకు తానే చెప్పుకున్నాడు.

"ఏరా, నేలకు జ్వరం చూస్తున్నావా?" అన్నాడు తలుపు దగ్గర నుంచి మేస్త్రి.

"అతుకులు చూస్తున్నా."

"నాలుగుకాళ్ళమీదా?"

"నీ గోడ వంకర కనబడకుండా ఉండాలంటే ఇంత కిందికి వంగాలి బావా."

మేస్త్రి పడీపడీ నవ్వి వెళ్ళిపోయాడు. వడ్రంగికి నవ్వు రాలేదు.

ఇంజనీరు పందిరి కింద కుర్చీల వరసలు సరిచేయిస్తున్నాడు. వడ్రంగి వెళ్ళి, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుని, "సార్, ఊరికే అడుగుతున్నా. ఒకవేళ నేల కింద ఒక మేకు ఉండిపోయిందనుకోండి..." అన్నాడు.

"ఉండిపోనివ్వండి. దానికి ఆకలా, దాహమా?"

"ఫలకం మీద లేదని రాశారు కదా సార్."

"ఫలకం చదివినవాళ్ళు నేల తవ్వి చూస్తారా? ఆ ముందు వరసలో సోఫా పెట్టమంటారా, కుర్చీలు పెట్టమంటారా? అది చెప్పండి ముందు."

కుర్చీలే పెట్టమని చెప్పి వచ్చేశాడు వడ్రంగి. మేడమ్‌కు చెబుదామని ఆవిడ గదిదాకా వెళ్ళాడు. ఆవిడ అప్పుడే వచ్చిన ఇత్తడి ఫలకాన్ని బల్లమీద పెట్టుకుని, అక్షరాల్లో చిక్కుకున్న పొడిని మెత్తటి కుంచెతో తుడుస్తోంది. తలెత్తి నవ్వింది. "చూడండి, మీ వాక్యం ఎంత బాగా వచ్చిందో." చూశాడు. బాగానే వచ్చింది. లోతుగా, అరిగిపోని విధంగా వచ్చింది. నూటయాభై ఏళ్ళ కిందటి మనిషికి ఉద్యోగం పోయింది గానీ ఇత్తడిమీద అబద్ధం మిగల్లేదు కదా అనుకున్నాడు. "బాగుంది మేడమ్," అనేసి బయటపడ్డాడు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో భోజనం. పక్కపక్క వాటాలు గనక వారంలో సగం రోజులు అతడి పళ్ళెం అక్కడే. భోజనానికి ముందు అరుగుమీద కూర్చుని, మిగిలిపోయిన గట్టిచెక్క ముక్కలు చీల్చి, చాకుతో చీలలు చెక్కడం మొదలుపెట్టాడు.

"పని అయిపోయిందన్నావు కదరా. మళ్ళీ ఇవెవరికి?" అంది అక్క.

"ఉంటాయిలే అక్కా. పాడవుతాయా ఏమిటి?"

"పాడయ్యేది నీ మొహం. లోపలికి రా, చల్లారిపోతోంది."

కూర్చున్నాడే గానీ చెయ్యి పళ్ళెంలో తిరుగుతోంది, నోటిదాకా రావడం లేదు. అక్క మొగుడివైపు తిరిగింది. "మీరేమైనా అన్నారా వీణ్ణి?"

"నేనా? నిన్ననే మెచ్చుకున్నాను."

"అదీ సంగతి! మీరు మెచ్చుకుంటే మనిషి భయపడడూ మరి?" అంది అక్క. "ఒరేయ్, ఆయన మాట పట్టించుకోకు. మామూలుగానే ఉంది నీ నేల."

వడ్రంగి నవ్వాడు, రెండు ముద్దలు తిన్నాడు. మేస్త్రి అతడి వంక చూశాడు. ఆ కొత్త చీలల కట్ట వంక చూశాడు. ఈసారి కూడా ఏదో అనబోయి, నీళ్ళు తాగాడు. ఇద్దరిలో ఒక్కడు నోరు విప్పి ఉంటే మర్నాటి పొద్దుటి పని తప్పేది. కానీ ఒకడికి తెలిసిన విషయం రెండోవాడికి తెలియకూడదనీ, రెండోవాడికి గుర్తొచ్చిన విషయం మొదటివాడికి తెలియకూడదనీ ఎవరి పట్టుదల వాళ్ళకు ఉంది.

ప్రారంభోత్సవం పదకొండు గంటలకు. వడ్రంగి ఇంకా మసకచీకటిగా ఉండగానే వచ్చాడు. సంచిని ఆ వంకర మేకుకు తగిలించి, "ఇవాళైనా నీ సంగతి చూస్తాను," అని దానితో అని, బర్మా, ఉలి, కొయ్యసుత్తి తీసుకుని లోపలికి వెళ్ళాడు.

బిగించిన చీలను పీకడం సాధ్యం కాదు, తొలిచెయ్యాలి. ఒక్కొక్క చీల నెత్తిమీద బర్మా ముల్లు ఆనించి, పలక గాయపడకుండా, చీలను మాత్రమే పొట్టుపొట్టుగా తోడాడు. తన చేత్తో తాను బిగించినవి అంత గట్టిగా బిగించినందుకు మనసులోనే తిట్టుకుంటూ, కాస్త గర్వపడుతూ, మళ్ళీ తిట్టుకుంటూ తోడాడు. ఏడు పలకలు లేచేసరికి ఎనిమిదిన్నర దాటింది. బోర్లా పడుకుని, నాలుగో దూలం కిందికి చెయ్యి పోనిచ్చాడు.

ఊతముక్క ఉంది. మేకు తల వేలికి తగల్లేదు. మళ్ళీ తడిమాడు. టార్చి వేసి చూశాడు.

మేకు ఉండవలసిన చోట చెక్క చీల ఒకటి ఉంది. చీల అనడానికి మనసొప్పదు. నాలుగు పక్కలతో చదరంగా ఉండవలసింది మూడున్నర పక్కలతో ఉంది. తల ఒక పక్కకు ఒరిగింది. వదులుగా ఉన్న చోటల్లా దాని చుట్టూ సున్నం కూరి, బొటనవేలితో నొక్కిన గుర్తు ఉంది. ప్రపంచంలో ఏ వడ్రంగీ అలాంటి చీల చెక్కడు.

అతడు అలా పడుకునే ఉండగా, వెనక నుంచి బట్టచెప్పుల చప్పుడయింది. ఫలకాన్ని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని మేడమ్ నిలబడి ఉంది. ఏడు పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. నేలలో మంచం పట్టేంత గుంట.

వడ్రంగి లేచి నిలబడ్డాడు. బట్టల పొట్టు దులుపుకోలేదు. "మేడమ్, మొదటిరోజు నేనిక్కడ ఇనుప మేకు ఒకటి కొట్టి మరిచిపోయాను. పూచీ నాదని చెప్పాను, చెప్పింది తప్పు. మొన్న సాయంత్రమే తెలిసింది, నిన్న మీ గదిదాకా వచ్చి కూడా చెప్పలేకపోయాను. తీద్దామని లేపాను. తీరా చూస్తే మేకు లేదు. ఎలా లేదో నాకు తెలియదు. తప్పు మాత్రం నాదే."

మేడమ్ గుంటవైపు చూసింది, గోడవైపు చూసింది, చేతి గడియారం చూసుకుంది. ఫలకాన్ని జాగ్రత్తగా గోడకానించి, చీరచెంగు బొడ్లో దోపుకుని, నేలమీద చతికిలబడింది.

"చీలలు ఎన్ని కావాలండీ?" అంది.

"ఎనభైనాలుగు మేడమ్."

"ఉన్నాయా?"

"బయట నా సంచిలో ఉన్నాయి."

"తీసుకురండి. నేను అందిస్తాను."

వడ్రంగి ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాడు. ఆ తరువాత దాదాపు పరుగున బయటి గదిలోకి వెళ్ళాడు. అక్కడ మేస్త్రి అప్పుడే వచ్చి, ఉతికిన చొక్కా విప్పి, దాన్ని తగిలించడానికని బావమరిది సంచిని మేకుమీద నుంచి తీసి కిందపెడుతున్నాడు. సంచీ లేదు, చొక్కా ఇంకా ఎక్కలేదు. మొదటిసారిగా ఆ మేకు తల ఒంటరిగా వెలుతురులో కనబడింది. ఒక పక్క ఆకురాయితో అరగదీసిన తల.

నాలుగు రోజులు. ఆ మేకు ఎంత వంకరగా ఉందో చూశాడు గానీ అది ఏ మేకో చూడలేదు.

"బావా," అన్నాడు.

మేస్త్రి బావమరిది మొహం చూశాడు, ఒంటిమీది పొట్టు చూశాడు, తెరిచిన తలుపులోంచి లోపలి గుంట చూశాడు. చొక్కా చేతిలోనే ఉండగా గుంజకు జారగిలబడి కూర్చుండిపోయాడు. నవ్వు పొట్టలోంచి లేచి, గొంతులో ఇరుక్కుని, కళ్ళలోంచి కారింది.

"ఏడు పలకలూ లేపావా? ఏడూ?"

"నువ్వెప్పుడు తీశావు?"

"నువ్వు తలుపుతో కుస్తీ పడుతున్నప్పుడు. దూలం కొనకు సున్నం కూరుతూంటే వేలికి తగిలింది. ఇనుము కూడదంటివి కదా, పీకి చీల కొట్టాను."

"అది చీలా?"

"చీల కాకపోతే దూలం ఎలా నిలబడింది?"

"చెప్పొచ్చు కదా!"

"మర్నాడు రాత్రి మీ అక్క ముందు చెప్పి ఏడిపిద్దామనుకున్నా. ఈలోగా మేడమ్ ఆ ఉత్తరం చదివింది. నువ్వు గ్లాసు కింద పెట్టేశావు." మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇక నీకు గుర్తు రాకపోతేనే మంచిదనిపించింది. గుర్తొచ్చిందని నాకేం తెలుసు? నువ్వు చెప్పొచ్చు కదా!"

"నీకు చెబితే పుల్లలు పెడతావని..."

"పుల్ల పెట్టానుగా లోపల. చూడలేదూ?"

లోపలి నుంచి మేడమ్ కేక వినపడింది: "ఏమండీ, చీలలు!"

తరువాతి రెండు గంటలు ఆ గదిలో మాటలకు తీరిక లేదు. మేస్త్రి పలకలు మోసి పేర్చాడు, వడ్రంగి తొలిచి కొట్టాడు, మేడమ్ ఒక్కొక్క చీలనూ తల ఇటు, మొన అటుగా తిప్పి అందించింది. ఇంజనీరు తొమ్మిదిన్నరకు తొంగిచూసి, గుంటను చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేస్త్రి అతడి చేతికి చీపురిచ్చాడు. పాపం, ఏమీ అడగకుండా ఊడ్చాడు.

నాలుగో దూలాన్ని మూసే ముందు వడ్రంగి మళ్ళీ బోర్లా పడుకున్నాడు. దగ్గర సంచిలో మంచి చీలలున్నాయి. ఆ మూడున్నర పక్కల దాన్ని తొలిచి కొత్తది కొట్టడానికి అరనిమిషం పట్టదు. కొయ్యసుత్తితో దాన్నొకసారి తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. దూలం, ఊతముక్క, చీల ఒకటే గొంతుతో మోగాయి. లేచి, పైన పలక పరిచాడు.

ఆఖరి చీల తల చదును చేసేసరికి బయట కారు తలుపులు పడిన చప్పుడు.

ప్రారంభించడానికి వచ్చిన పెద్దాయన లావుపాటి మనిషి, సరదా మనిషి. బయటి గదిలో మేడమ్ పాతకాలపు నియమం చెప్పింది: బూట్లు, తాళాలు, గడియారం, ఇనుమన్నది ఏదున్నా ఇక్కడే వదిలి లోపలికి రావాలి. ఆయన చిన్నపిల్లాడిలా ఉత్సాహపడి బూట్లు విప్పాడు, బెల్టు విప్పబోతే అందరూ వద్దన్నారు. గోడనున్న ఫలకాన్ని చివరి వాక్యం దాకా పైకి చదివాడు.

"ఒక్క మేకు కూడా లేదా? ఖాయంగా?"

"ఖాయంగా అండీ," అన్నాడు వడ్రంగి. "ఇవాళ పొద్దున కూడా చూశాను."

పెద్దాయన మెచ్చుకోలుగా తలూపి, తాళాలగుత్తిని గుంజకున్న మేకుకు తగిలించాడు. గుత్తి ఒక పక్కకు జారి, ఎలాగో నిలిచింది.

"ఈ మేకు కాస్త వంకరగా ఉన్నట్టుందే?"

ఇంజనీరు కంగారుపడ్డాడు. "ఇప్పుడే సరిచేయిస్తాం సార్. ఏమండీ, అది పీకి..."

"వద్దు సార్," అన్నాడు వడ్రంగి, మేకుకూ ఇంజనీరుకూ మధ్య నిలబడి. "అది మా బావ కొట్టాడు. అలాగే ఉండాలి."

వెనక నుంచి మేస్త్రి దగ్గు వినపడింది. నవ్వును మింగబోతే వచ్చే దగ్గు.